సింగపూర్‌లో ఫ్యామిలీకి ఇల్లు అద్దెకు తీసుకుంటున్నారా? హాలు చూసే ముందు ఈ ఒక్క క్లాజు చూడండి

ఈ ఎపిసోడ్ కాస్త పెద్దదే. టీ పెట్టుకుని కూర్చోండి.

పోయిన వారం నెల్లూరు నుంచి ఒక తమ్ముడు మెయిల్ పెట్టాడు. సింగపూర్‌లో జాబ్ వచ్చింది. భార్య, మూడేళ్ల బాబు. అక్కడ ఒక ఏజెంట్ వీడియో కాల్‌లో ఇల్లు చూపించాడట. ఏడాదికి రాస్తే ఒక అద్దె, రెండేళ్లకి రాస్తే నెలకి వంద డాలర్లు తక్కువ. "అన్నా, రెండేళ్లకి సైన్ చేసేయనా? ఎలాగూ సెటిల్ అవ్వడానికే కదా వెళ్తున్నాం" అని అడిగాడు. జవాబు ఎపిసోడ్ చివర్లో చెప్తాను. ఈలోపు మీరు కూడా ఆలోచించండి, ఆయన స్థానంలో మీరుంటే ఏం చేస్తారు?

నేనైతే 2023లో సైన్ చేసేశాను. ఆ సంతకం వల్ల ఏమైందో కూడా చెప్తాను.

ముందు ఊరి సంగతి. సింగపూర్ ఒక దీవి. భూమధ్యరేఖకి ఒక డిగ్రీ పైన ఉంటుంది. మొత్తం దేశం కలిపి దాదాపు 735 చదరపు కిలోమీటర్లు, తూర్పు నుంచి పడమరకి 50 కిలోమీటర్లు. మన దగ్గర సిటీలో అద్దె ఎక్కువైతే మియాపూర్ దాటి, ఇంకా దాటి వెళ్లిపోతాం. అక్కడ అలా జరుపుకుంటూ పోతే సముద్రం వస్తుంది. అందుకే ఇళ్ల మీద ప్రతిదానికీ ఒక రూలు ఉంటుంది. ఆ రూల్స్ తెలియకుండా మన హైదరాబాద్ లెక్కలు వేసుకుని వెళ్తే దెబ్బ తింటాం.

ఇళ్లు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి హెచ్‌డీబీ, అంటే ప్రభుత్వ హౌసింగ్ బోర్డు కట్టిన ఫ్లాట్లు. హౌసింగ్ బోర్డు అనగానే పెచ్చులూడిన కాలనీ అనుకోకండి. ఆ దేశంలో ఎక్కువమంది ఉండేది వీటిలోనే. లిఫ్టు, కింద ఆడుకునే స్థలం, నాలుగడుగుల్లో హోటళ్ల సముదాయం, అన్నీ ఉంటాయి. రెండోది కాండో, అంటే మన గేటెడ్ కమ్యూనిటీ లాంటిది. స్విమ్మింగ్ పూల్, జిమ్ ఉంటాయి. అదే సైజుకి అద్దె బాగా ఎక్కువ.

ఇక్కడ మనవాళ్లు చేసే మొదటి పొరపాటు చెప్తాను. హెచ్‌డీబీలో "త్రీ రూమ్" అంటే మూడు బెడ్రూములు కాదు. హాలుని కూడా ఒక రూముగా లెక్కేస్తారు. త్రీ రూమ్ అంటే మన టూ బీహెచ్‌కే. ఫోర్ రూమ్ అంటే మన త్రీ బీహెచ్‌కే. నేను మొదట్లో "త్రీ రూమ్ ఇంత చవకా!" అని మా ఆవిడకి ఫోన్ చేసి మరీ చెప్పాను. తర్వాత ఫోటోలు చూసి ఇద్దరం నవ్వుకున్నాం.

ఇప్పుడు రూల్స్. హెచ్‌డీబీలో కనీసం ఆరు నెలలకి తక్కువ అద్దెకి ఇవ్వకూడదు. రూమ్ అయినా, మొత్తం ఫ్లాట్ అయినా అంతే. మలేషియా వాళ్లు కాని విదేశీయులకి ఒకసారికి రెండేళ్లకి మించి రాయకూడదు. కాండోలో కనీసం మూడు నెలలు. అంటే "దిగగానే ఎవరిదైనా ఫ్లాట్‌లో నెల రోజులు రెంట్‌కి ఉందాం, తర్వాత చూసుకుందాం" అనేది అక్కడ చట్టప్రకారం కుదరదు. వాట్సాప్ గ్రూపుల్లో మనవాళ్లే "వన్ మంత్ రూమ్ అవైలబుల్" అని పెడుతుంటారు, అది రూల్‌కి విరుద్ధం. మొదటి రోజులకి హోటల్ గానీ సర్వీస్డ్ అపార్ట్‌మెంట్ గానీ తీసుకోండి. సర్వీస్డ్ అపార్ట్‌మెంట్ వారం నుంచి ఇస్తారు. ఖరీదే, కానీ మీ కంపెనీ ఆఫర్ లెటర్ మీద ఇంకా బేరం నడుస్తుంటే అడగాల్సింది ఇదే. "జాయినింగ్ బోనస్ కొంచెం తగ్గినా పర్లేదు, నెల రోజులు బస ఇవ్వండి" అనండి. ఆ నెల రోజుల విలువ ఎంతో అక్కడికి వెళ్లాక తెలుస్తుంది.

ఇంకో రూలు. హెచ్‌డీబీ ఫ్లాట్ మొత్తంగా అద్దెకిచ్చే ఓనర్ సింగపూర్ పౌరుడై ఉండాలి. పర్మనెంట్ రెసిడెంట్స్‌కి ఆ హక్కు లేదు. అద్దె మొదలయ్యే ముందే హెచ్‌డీబీ నుంచి ఓనర్ అనుమతి తీసుకోవాలి. పైగా కోటా ఉంది. మలేషియన్లు కాని విదేశీయులు మొత్తం ఫ్లాట్ తీసుకోవాలంటే, ఆ నైబర్‌హుడ్‌లో 8 శాతం, ఆ బ్లాక్‌లో 11 శాతం దాటకూడదు. కోటా నిండితే ఓనర్‌కి మనం ఎంత నచ్చినా ఇవ్వలేడు. కాబట్టి ఇల్లు చూడ్డానికి వెళ్లే ముందే ఏజెంట్‌ని "ఈ బ్లాక్‌లో కోటా ఉందా?" అని ఒక్క మెసేజ్ పెట్టండి. నాకు ఇది తెలియక ఒక శనివారం మొత్తం పోయింది.

సరే, ఫ్యామిలీ సంగతి. భార్యాపిల్లల్ని డిపెండెంట్ పాస్ మీద తీసుకెళ్లాలంటే నెలకి కనీసం 6,000 సింగపూర్ డాలర్ల ఫిక్స్‌డ్ జీతం ఉండాలి. అమ్మానాన్నలని దీర్ఘకాలం ఉంచుకునే పాస్ కావాలంటే 12,000. ఇది ఇంటి వీడియోలో ఎందుకు చెప్తున్నానంటే, మనవాళ్లలో చాలామంది "అమ్మావాళ్లు వచ్చి ఉంటారు కదా" అని ఇంకో బెడ్రూమ్ ఎక్కువ తీసుకుంటారు. మీ జీతం 12,000 లేకపోతే వాళ్లు విజిటర్లుగానే వస్తారు, సాధారణంగా నెల రోజులు. ఆ నెల కోసం పన్నెండు నెలలు ఒక రూముకి అద్దె కడతారా? మా అమ్మ వచ్చినప్పుడు హాల్లో పరుపేసుకుని పాపతో పడుకుంది. "ఇక్కడే బాగుంది నాన్నా, పొద్దున్నే కిటికీలోంచి రైలు కనిపిస్తోంది" అంది.

ఏరియా ఎలా ఎంచుకోవాలి? పిల్లలు బడికెళ్లే వయసు అయితే ముందు బడి, తర్వాత ఎంఆర్‌టీ లైను, చివర్లో ఇల్లు. ప్రభుత్వ బడుల్లో విదేశీ పిల్లలకి సీటు గ్యారంటీ లేదు. సీటు ఎక్కడ ఖాయమైందో తెలియకుండా ఇల్లు తీసుకుంటే, దీవి ఈ చివర ఇల్లు, ఆ చివర బడి అవుతుంది. చిన్న పిల్లలైతే మీ ఆవిడ రోజంతా ఎక్కడ గడుపుతుందో ఆలోచించండి. మీరు ఆఫీసులో ఏసీలో ఉంటారు. ఆవిడ ఆ ఇంట్లో, ఆ బ్లాక్ కింద, ఆ మార్కెట్లో ఉంటుంది. కాబట్టి ఇల్లు ఫైనల్ చేసే హక్కు ఎవరికి ఎక్కువ ఉండాలో మీరే చెప్పండి.

నిజమైన అద్దె ఎంతో తెలుసుకోడానికి ప్రాపర్టీ గురు, నైంటీనైన్ డాట్ కో లాంటి సైట్లు చూస్తాం. అందులో ఉండేది ఓనర్ అడిగే రేటు. జనం ఎంతకి రాసుకున్నారో హెచ్‌డీబీ తన సైట్‌లోనే పెడుతుంది. కాండోలకి యూఆర్‌ఏ సైట్‌లో ఉంటుంది. ముందు అవి చూసుకుని బేరానికి వెళ్లండి. "పక్క బ్లాక్‌లో పోయిన నెల ఇంతకి రాశారు కదా" అంటే మాట వేరేగా ఉంటుంది.

ఇప్పుడు ఎవరూ వీడియోల్లో చెప్పని విషయం. ఏజెంట్‌కి మెసేజ్ పెడితే మొదట వచ్చే జవాబు "ప్రొఫైల్ ప్లీజ్". అంటే మీ దేశం ఏది, ఎంతమంది, ఏ పాస్, ఇంట్లో వంట చేస్తారా. మీరు ఇండియన్ అనగానే కొంతమంది మళ్లీ రిప్లై ఇవ్వరు. కొంతమంది మర్యాదగా "ఓనర్ ప్రిఫరెన్స్ వేరు" అంటారు. "లైట్ కుకింగ్ ఓన్లీ" అంటారు, అంటే పోపు వాసన పడదు అని. నాకు మొదటి వారం చాలా బాధేసింది. ఆఫీసులో అందరూ బాగానే ఉంటారు, ఇల్లు అడిగేసరికి మన పేరే అడ్డం వస్తోంది అనిపించింది. మా ఆవిడకి చెప్పలేదు. తర్వాత ఆవిడే కనిపెట్టింది, నేను రోజూ ఇరవై మెసేజ్‌లు పెడుతున్నా ఇల్లు ఎందుకు దొరకట్లేదని.

దానికి నా దగ్గర పెద్ద పరిష్కారం ఏమీ లేదు. ఒక్కటి మాత్రం పనిచేసింది. మొదటి మెసేజ్‌లోనే అన్నీ రాసేయడం. "ఇండియన్ ఫ్యామిలీ, ఇద్దరు పెద్దవాళ్లు, ఒక పాప, ఎంప్లాయ్‌మెంట్ పాస్, రోజూ ఇంట్లోనే వంట, పొగ తాగం, సబ్‌లెట్ చేయం." ఇష్టం లేనివాళ్లు అక్కడే ఆగిపోతారు. మీకు టైమూ మిగులుతుంది, గుమ్మం దాకా వెళ్లి తల దించుకుని రావాల్సిన పనీ ఉండదు. వంట గురించి మాత్రం అబద్ధం చెప్పకండి. "లైట్ కుకింగ్" అని కాగితం మీద రాసి, రోజూ చేపల పులుసు వండితే వెళ్లేటప్పుడు గోడల మరకల పేరుతో డిపాజిట్‌లో కోత పడుతుంది.

మాకు చివరికి ఇల్లు ఇచ్చింది ఒక పెద్దావిడ. చైనీస్ ఆవిడ. అక్కడ పెద్దవాళ్లని అందరూ ఆంటీ, అంకుల్ అంటారు, మేమూ ఆంటీ అనేవాళ్లం. "మా పక్కింట్లో ముప్పై ఏళ్లు తమిళ కుటుంబం ఉండేది, నాకు ఆ వాసన అలవాటే" అంది. త్రీ రూమ్ ఫ్లాట్, పద్నాలుగో అంతస్తు, నెలకి 2,800 డాలర్లు. అప్పటి రేటుకి మన డబ్బుల్లో లక్షా డెబ్భై వేలు. 2022లో అక్కడ ప్రైవేటు ఇళ్ల అద్దెలు ఒక్క ఏడాదిలోనే దాదాపు 30 శాతం పెరిగాయి. హెచ్‌డీబీల్లోనూ అదే వేడి. నేను వెళ్లేసరికి అందరూ "ఇవాళ వదిలితే రేపు ఉండదు" అనే మాటే. ఆ భయంలో ఉన్నాను నేను.

ఏజెంట్ గురించి రెండు ముక్కలు. అక్కడ ప్రతి ఏజెంట్‌కి సీఈఏ అనే సంస్థ రిజిస్ట్రేషన్ ఉండాలి. సీఈఏ సైట్‌లో ఫోన్ నంబర్ కొట్టి చూడండి. మీతో మాట్లాడుతున్న నంబర్ అక్కడ ఉన్న నంబర్ ఒకటేనా కాదా తెలిసిపోతుంది. అసలు ఏజెంట్ పేరు వాడుకుని, వేరే నంబర్ నుంచి "చాలామంది అడుగుతున్నారు, డిపాజిట్ వేయండి, ఇల్లు ఆపుతా" అనే మోసాలు జరుగుతుంటాయి. హెచ్‌డీబీ అద్దె డబ్బుని ఏజెంట్ చేతిలోకి తీసుకోవడమే నిషేధం. డబ్బు నేరుగా ఓనర్ అకౌంట్‌కే వెళ్లాలి. ఇంకోటి, ఒకే ఇంటికి ఒకే ఏజెంట్ ఓనర్ తరఫునా మన తరఫునా పనిచేయకూడదు. ఓనర్ ఏజెంట్ నవ్వుతూ మాట్లాడతాడు, టీ ఇప్పిస్తాడు, కానీ ఆయన మన మనిషి కాదు. ఇది గుర్తుంచుకోండి. హైదరాబాద్‌లో కూర్చుని, ఇల్లు కళ్లతో చూడకుండా ఒక్క డాలర్ కూడా పంపకండి.

ఇల్లు చూసేటప్పుడు ఏం చూడాలి? ఒకటి, కిటికీలకి గ్రిల్స్. అక్కడ చాలా ఫ్లాట్లకి పెద్ద కిటికీలు, గ్రిల్స్ ఉండకపోవచ్చు. పాప ఉన్న ఇంట్లో పద్నాలుగో అంతస్తు. "సైన్ చేశాక పెట్టిస్తాం" అంటే ఒప్పుకోకండి, అగ్రిమెంట్‌లో రాయించండి. మా పాపకి అప్పుడు ఏడాదిన్నర. అదొక్కటీ నేను సరిగ్గా చేశాను. రెండు, పడమటి ఎండ. మధ్యాహ్నం మూడు తర్వాత ఒకసారి వెళ్లి బెడ్రూమ్ గోడ మీద చెయ్యి పెట్టి చూడండి. అక్కడ మనలా చలికాలం రాదు, ఏడాదంతా అదే ఎండ, అదే వాన. మూడు, చెమ్మ. అల్మారా తలుపు తీసి వాసన చూడండి. గాల్లో తేమ ఎక్కువ, మూసి ఉంచిన బట్టలకి, లెదర్ బెల్టులకి బూజు పట్టేస్తుంది. నాలుగు, ఏసీ. ప్రతి ఏసీ పావుగంట ఆన్ చేయించి, నీళ్లు కారుతున్నాయేమో చూడండి. ఐదు, బట్టలు ఎక్కడ ఆరేస్తారు? చాలా హెచ్‌డీబీల్లో కిటికీ బయట కర్రల మీద ఆరేయాలి. వాన ఎప్పుడొస్తుందో తెలియదు, ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి. ఆరు, ఆ వీధిలో డెంగీ బ్యానర్ కట్టారేమో చూడండి. కేసులున్న చోట బ్యానర్ కడతారు. పిల్లలతో వెళ్తున్నాం కదా.

ఇక డబ్బు లెక్క. ఇల్లు నచ్చితే ముందు లెటర్ ఆఫ్ ఇంటెంట్ రాస్తారు. దాంతోపాటు సాధారణంగా నెల అద్దె ఇస్తాం. తర్వాత అసలు టెనెన్సీ అగ్రిమెంట్. ఇక్కడ ఒక కిటుకు. మనకి ఏ షరతు కావాలన్నా ఆ మొదటి లెటర్‌లోనే రాయాలి. గ్రిల్స్, మంచం తీసేయడం, ఏసీ బాగు చేయించడం, నేను చెప్పబోయే క్లాజు, అన్నీ. లెటర్‌లో లేనిది తర్వాత అడిగితే "అప్పుడే చెప్పాల్సింది" అంటారు.

డిపాజిట్ ఏడాదికి ఒక నెల చొప్పున. రెండేళ్లకి రెండు నెలలు. మా లెక్క చూడండి. డిపాజిట్ 5,600, మొదటి నెల అద్దె 2,800, స్టాంప్ డ్యూటీ మొత్తం అద్దె మీద 0.4 శాతం, అంటే 67,200 మీద 268 డాలర్లు. కలిపితే 8,668. మన డబ్బుల్లో సుమారు ఐదు లక్షల ముప్పై వేలు, మొదటి జీతం పడకముందే. మన తరఫున ఏజెంట్‌ని పెట్టుకుంటే ఆయన కమిషన్ వేరే, దానికి చట్టం పెట్టిన రేటు లేదు, ముందే మాట్లాడుకోవాలి. కరెంటు, నీళ్ల కనెక్షన్‌కి ఇంకో డిపాజిట్. స్టాంప్ డ్యూటీ కట్టేది అద్దెకి ఉండేవాళ్లే, సంతకం అక్కడే చేస్తే 14 రోజుల్లోపు. స్టాంప్ లేని అగ్రిమెంట్ కోర్టులో చెల్లదు, కాబట్టి ఆ సర్టిఫికెట్ కాపీ దగ్గర పెట్టుకోండి.

ఇప్పుడు అసలు విషయం. దాని పేరు డిప్లొమాటిక్ క్లాజ్. పేరు వింటే రాయబారుల కోసం అనిపిస్తుంది. కాదు, మనలాంటి పాస్ మీద ఉండేవాళ్ల కోసమే. ఉద్యోగం పోయినా, వేరే దేశానికి ట్రాన్స్‌ఫర్ అయినా, పాస్ రెన్యూ కాకపోయినా, అగ్రిమెంట్ మధ్యలో డిపాజిట్ పోకుండా బయటికి రావడానికి దారి. కానీ చట్టంలో ఉన్న హక్కు కాదు, అగ్రిమెంట్‌లో రాసుకుంటేనే ఉంటుంది. మామూలుగా రెండేళ్ల అగ్రిమెంట్‌లో ఏం రాస్తారంటే, 12 నెలలు పూర్తయ్యాక, రెండు నెలల నోటీస్ ఇచ్చి వెళ్లొచ్చు అని. అంటే కనీసం 14 నెలలు మీరు ఆ ఇంటికి కట్టుబడి ఉన్నట్టే. ఏడాది అగ్రిమెంట్లలో ఈ క్లాజు సాధారణంగా ఉండదు.

నాకు ఏజెంట్ "డిప్లొమాటిక్ క్లాజ్ ఈజ్ దేర్, డోంట్ వర్రీ" అన్నాడు. నేను వర్రీ అవ్వలేదు. పేజీ తిప్పి సంతకం పెట్టాను. ఆఫీసులో ఒక కోడ్ రివ్యూకి గంట కూర్చునేవాణ్ణి, 67 వేల డాలర్ల అగ్రిమెంట్‌కి పది నిమిషాలు కూడా కూర్చోలేదు.

అద్దె 2023 మార్చి ఒకటిన మొదలైంది. ఏప్రిల్ చివర్లో మా ఆవిడ, పాప వచ్చారు. నవంబర్ మొదట్లో మా టీమ్ మొత్తాన్ని తీసేశారు. చివరి రోజు నవంబర్ 30. అంటే ఇంట్లో సరిగ్గా తొమ్మిది నెలలు.

అక్కడ ఉద్యోగం పోతే ఏం జరుగుతుందో వినండి. కంపెనీ పాస్ క్యాన్సిల్ చేస్తుంది. నా పాస్‌తోపాటే ఫ్యామిలీ పాసులూ పోతాయి. సాధారణంగా 30 రోజులు ఉండటానికి ఒక విజిట్ పాస్ ఇస్తారు. ఆ 30 రోజుల్లో ఇంకో జాబ్ వెతుక్కోవాలి, లేదా సామాన్లు సర్దుకోవాలి. పైగా విదేశీ ఉద్యోగి వెళ్లిపోతుంటే, ఇన్‌కమ్ ట్యాక్స్ క్లియరెన్స్ వచ్చేదాకా ఇవ్వాల్సిన డబ్బు కంపెనీ ఆపి ఉంచాలి, అది అక్కడి రూలు. అంటే చేతిలో డబ్బు అత్యవసరమైన నెలలోనే చివరి జీతం ఆగిపోతుంది.

ఆ రాత్రి పాప పడుకున్నాక అగ్రిమెంట్ తీసి చదివాను. పన్నెండు నెలలు, ఆ తర్వాత రెండు నెలల నోటీస్. నా క్లాజు పనిచేయడం మొదలయ్యేది మార్చి నుంచి. కాగితం ప్రకారం ఏప్రిల్ చివరి దాకా అద్దె కట్టాలి. డిసెంబర్ నుంచి ఐదు నెలలు, 14,000 డాలర్లు. దేశంలో ఉండే హక్కు 30 రోజులు, ఇంటికి అద్దె కట్టాల్సింది ఐదు నెలలు. నేను తల పట్టుకుని కూర్చుంటే మా ఆవిడ కాగితం తీసుకుని చదివి, "ఏజెంట్ అబద్ధం చెప్పలేదు. క్లాజు ఉంది. మనకి ఎప్పటినుంచి ఉందో నువ్వు అడగలేదు" అంది. ఆ మాట ఇప్పటికీ గుర్తుంది.

మర్నాడు ఇద్దరం పాపని తీసుకుని ఆంటీ దగ్గరికి వెళ్లాం. దాచకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పాం. ఆవిడ చెడ్డ మనిషి కాదు, కానీ ఆ అద్దె మీదే బతికే మనిషి. "కొత్త వాళ్లని వెతుకుదాం, దొరికిన రోజు నుంచి నీకు బాధ్యత లేదు. నా నష్టం మాత్రం నువ్వు భరించాలి" అంది. న్యాయమే. ఒప్పందం వాట్సాప్‌లో రాసుకున్నాం. నేనే మా తెలుగు గ్రూపుల్లో, ఆఫీసు వాళ్లలో అడిగాను. ఇల్లు చూడ్డానికి ఎవరొచ్చినా మా ఆవిడే తుడిచి, పరుపులు సర్ది చూపించేది. వెళ్లిపోయే ఇంటిని వేరేవాళ్లకి నచ్చేలా చూపించడం అంత తేలిక కాదండీ. జనవరి ఒకటి నుంచి ఒక ఫ్యామిలీ ఒప్పుకుంది.

డిపాజిట్ 5,600లో లెక్క ఇది. డిసెంబర్ అద్దె 2,800. ఆంటీ తన ఏజెంట్‌కి రెండేళ్లకని ఇచ్చిన నెల అద్దె కమిషన్‌లో మిగిలిన 14 నెలల వాటా 1,633. ఏసీల కెమికల్ వాష్, క్లీనింగ్ 330. అగ్రిమెంట్ ప్రకారం మూడు నెలలకోసారి నేను ఏసీ సర్వీస్ చేయించి రసీదు దాచాలి. ఒకసారి మానేశాను, అదీ నా తప్పే. తిరిగి వచ్చింది 837 డాలర్లు. కొత్తవాళ్లు దొరక్కపోతే డిపాజిట్ మొత్తం పోయి ఇంకా కట్టాల్సి వచ్చేది.

కాబట్టి క్లాజులో మూడు మాటలు చూడండి. ఎప్పటినుంచి పనిచేస్తుంది? ఏ కారణాలకి పనిచేస్తుంది? ట్రాన్స్‌ఫర్ అని మాత్రమే రాసి, ఉద్యోగం పోవడం రాయకపోతే అది మనకి పనికిరాదు. వెళ్లేటప్పుడు ఏం కట్టాలి? ఏజెంట్ కమిషన్ వాటా అక్కడే దాక్కుని ఉంటుంది. ఈ మూడూ మీ భార్యకి కూడా చదివి వినిపించండి. ఇద్దరికీ అర్థమైతేనే సంతకం.

ఇల్లు తీసుకున్న రోజు ప్రతి గోడ, ప్రతి సింక్, ప్రతి టైల్ ఫోటో తీసి ఓనర్‌కి అదే రోజు పంపండి. మొదటి 30 రోజుల్లో ఏది పాడైనా ఓనర్ బాగు చేయించాలి అనే షరతు మామూలుగా ఉంటుంది, లేకపోతే అడగండి. తర్వాత చిన్న రిపేర్లకి ఒక పరిమితి దాకా మనమే పెట్టుకోవాలి, మాకు 200 డాలర్లు ఉండేది. డిపాజిట్ అన్యాయంగా ఆపేస్తే స్మాల్ క్లెయిమ్స్ ట్రిబ్యునల్ ఉంది. రెండేళ్లకి మించని ఇంటి అద్దె గొడవలు, 20,000 డాలర్ల దాకా అక్కడ వింటారు, లాయర్ అవసరం లేదు. ఫోటోలు, రసీదులు, స్టాంప్ సర్టిఫికెట్ మీ దగ్గరుంటే చాలు.

ఇప్పుడు నెల్లూరు తమ్ముడికి జవాబు. రెండేళ్లకి రాస్తే నెలకి వంద డాలర్లు, మొత్తం 2,400 మిగులుతుంది. బాగానే ఉంది. కానీ ఏడాది అగ్రిమెంట్‌లో ఏం జరిగినా నువ్వు కట్టుబడేది 12 నెలలకే. రెండేళ్ల దాంట్లో క్లాజు ఉంటే 14 నెలలకి, క్లాజు లేకపోతే 24 నెలలకి. నీకు ప్రొబేషన్ ఆరు నెలలు అని మెయిల్‌లో నువ్వే రాశావు. నీ మీద నీ కంపెనీకే ఆరు నెలల దాకా నమ్మకం కుదరదు, నువ్వు ఇంటికి రెండేళ్లు మాటిస్తావా? మొదట ఏడాదికే రాయి. అదే అద్దెకి ఇంకో ఏడాది పొడిగించుకునే అవకాశం కాగితం మీద రాయించు. ఓనర్ రెండేళ్లే కావాలంటే, ఆరు నెలల తర్వాత రెండు నెలల నోటీస్ అని క్లాజు మార్చమని అడుగు. ఒప్పుకోకపోవచ్చు. అడగడానికి ఖర్చేమీ లేదు. ఆ వీడియో కాల్ ఇంటికి మాత్రం ఇప్పుడే డబ్బు పంపకు. నువ్వు ముందు వెళ్లు, నెల రోజులు ఉండు, నాలుగు ఏరియాలు తిరుగు, తర్వాత మీ ఆవిడని, బాబుని పిలిపించుకో.

ఇంకోమాట. ఇదంతా విని "అయితే వెళ్లకూడదా అన్నా?" అనుకోకండి. ఆ తొమ్మిది నెలలు మాకు మంచి రోజులే. సాయంత్రం బ్లాక్ కింద పాప ఆడుకుంటుంటే ఆంటీ వచ్చి అరటిపండు ఇచ్చేది. ఇప్పటికీ దీపావళికి మెసేజ్ పెడుతుంది. నేను తిరిగొచ్చాక విజయవాడలో కూర్చుని ఈ వీడియోలు మొదలుపెట్టడానికి కారణం కూడా ఆ రాత్రి చదివిన ఆ పేజీయే. నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది కదా అనిపించింది.

వచ్చే ఎపిసోడ్‌లో అక్కడ సామాన్లు, కార్గో, ఇక్కడినుంచి ఏం తీసుకెళ్లాలి, ఏం తీసుకెళ్తే డబ్బు దండగ అనేది చూద్దాం. మీ అగ్రిమెంట్‌లో అర్థం కాని లైను ఏదైనా ఉంటే, పేర్లు, అడ్రస్ కొట్టేసి ఆ లైను మాత్రం పంపండి, కలిసి చదువుదాం. ఉంటానండీ, నమస్కారం.